అయిదింటిలోగా ఒక్క పేరు

మార్టూరు దాటి మూడు కిలోమీటర్లు పోయాక, టైరు పేలి ఆగిపోయిన ఆర్టీసీ బస్సు పక్కన నిలబడి ఒక అమ్మాయి చెయ్యి ఊపుతుంటే బుల్లయ్య తన ట్రాలీ ఆటో ఆపాడు. వెనక పన్నెండు టిక్కీల ఎండుమిర్చి, తాళ్ళతో బిగించి కట్టిన గోతాలు, గుంటూరు యార్డుకి పోతున్నాయి. ఎక్కి కూర్చునేలోపే ఆ పిల్ల ఏడుసార్లు తుమ్మింది. ఎనిమిదో తుమ్ముకీ తొమ్మిదో తుమ్ముకీ మధ్య ఆయన పేరు, ఊరు, ఎన్నేళ్ళుగా బండి తోలుతున్నాడో అన్నీ రాబట్టేసింది.

ఆమె పేరు హేమశ్రీ. చీరాలలో వాళ్ళది నేతచీరల కొట్టు. తను మాత్రం మంగళగిరిలో ఒక ఆఫీసులో చేస్తోంది. ఏం పని అంటే, మనుషుల్ని వెతికే పని అంది. కంపెనీకి ఫలానా పనివాడు కావాలి. వాడెక్కడున్నాడో, పని అడగని వాడైనా సరే, పసిగట్టి పేరు పంపడం వరకే ఆమె వంతు. ఆపైన మాట్లాడేవాళ్ళు వేరే, జీతం తేల్చేవాళ్ళు వేరే.

పూర్వం రాజు పోయి వారసుడు లేని రాజ్యంలో ఏనుగు తొండానికి పూలదండ ఇచ్చి వీధుల్లో వదిలేవారట. అది ఊరంతా తిరిగి, ఏ సత్రం అరుగు మీదో నిద్రపోతున్న బాటసారి మెడలో వేసేది. పట్టాభిషేకం చేసేది పురోహితులు, ఏలేది బాటసారి. ఏనుగుకి ఎన్ని నెలల్లో ఉద్యోగం ఖాయం చేశారో ఏ కథలోనూ లేదు. హేమశ్రీకి మాత్రం మూడు నెలల గడువిచ్చారు. అది ఇవాళ సాయంత్రం అయిదింటితో సరి. ఆలోగా ఒక్క పేరు పంపితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే రేపట్నుంచి చీరాల కొట్లో చీరలు మడత పెట్టుకోవాలి.

కావాల్సింది గుంటూరులో మసాలాల కంపెనీ ల్యాబుకి, మిరపకాయ నాణ్యం చేత్తో పట్టుకుని చెప్పగల మనిషి. కంప్యూటర్లో నాలుగొందల మందిని జల్లెడ పట్టింది. గ్రేడింగులో పదిహేనేళ్ళ అనుభవం అని రాసుకున్న ఒకాయన మార్టూరులో దొరికితే పొద్దున్నే పరిగెత్తుకొచ్చింది. తీరా చూస్తే ఆయన గ్రేడు వేసేది గ్రానైట్ పలకలకి. తెల్లటి దుమ్ములోంచి మర్యాదగా టీ ఇచ్చి పంపాడు.

ఇదంతా విన్న బుల్లయ్యకి ఒళ్ళు పులకరించింది. తన ఊరూ పేరూ ఇంత శ్రద్ధగా అడిగింది ఇందుకా. చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు, నిటారుగా కూర్చున్నాడు. ఇంటర్వ్యూ మొదలైందనుకుని తన ఘనతలన్నీ విప్పాడు. ఇరుకు సందులో వెనక్కి తోలడం, వానకి తడవకుండా పట్టా కట్టడం, తాడు ముడి తనేస్తే తనే విప్పాలనే సంగతీ.

"పదకొండేళ్ళలో యార్డు నుంచి ఒక్క బస్తా వెనక్కి రాలేదమ్మా," అన్నాడు.

"ఒక్కటీ రాలేదా? ఎలా బాబాయ్?"

"ఎక్కించేముందు మా ఊరి కల్లంలో కాయలేరే ఖాజాబీ కాయని చెవి దగ్గర పెట్టుకుని చూస్తుందిగా. అది సరే, నా రివర్స్ సంగతి..."

"బండి వెనక్కి తిప్పుతారా?"

యార్డులో సరుకు దింపే వరస తప్పిపోతుందని తెలిసీ తిప్పాడు. ఉద్యోగమిచ్చేముందు ఊళ్ళో నలుగుర్నీ విచారిస్తారు కాబోలనుకున్నాడు.

కల్లం నిండా ఎరుపు పరిచి ఉంది. నడుమ ఖాజాబీ గొంతుక్కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. హేమశ్రీ ఆవిడ వెనక నిలబడి, మూడు చోట్ల నుంచి మూడు కాయలు తీసి ఒక్కొక్కటే చేతికందించింది. ఖాజాబీ వెనక్కి తిరగలేదు. మొదటి కాయ చెవి దగ్గర ఆడించి, లోపల గింజల గలగల విని, పక్కన పెట్టింది. రెండోదాని తొడిమ విరిచింది. తేజ రకమేగాని నిన్న పట్టా కప్పలేదు, మంచు తగిలింది, ఇంకొక ఎండ కావాలంది. మూడోది ఆడించి ముక్కు దగ్గర పెట్టుకోగానే లేచి నిలబడింది.

"ఇది పొద్దున నేను పంపిన కాయ. బుల్లయ్యన్నా, యార్డోళ్ళు తిప్పి పంపారా?"

అది ఆటోలో గోతం కుట్టులోంచి హేమశ్రీ లాగిన కాయే.

బుల్లయ్య చెయ్యి దానంతటదే గుండీ మీదికి పోయింది. విప్పుకున్నాడు. రేపట్నుంచి తన బస్తాలకి చెవెక్కడ అన్న బెంగ ఒక పక్క, మన ఖాజాబీ అన్న గర్వం ఒక పక్క. ఏం చెయ్యాలో తెలీక ఆవిడ గొప్పలే చెప్పడం మొదలెట్టాడు. హేమశ్రీ ల్యాబు ఉద్యోగం సంగతి చెప్పాక, ఖాజాబీ అతన్ని ఊరుకోమని, ఒక్కటే అడిగింది.

"అక్కడ నీడ ఉంటుందా?"

"ఫ్యాన్ కూడా ఉంటుందక్కా."

"అయితే రాసుకో."

ఫోనులో చదువు అన్న గడిలో ఏం రాయాలో తోచక హేమశ్రీ 'ఇరవై రెండేళ్ళు, ఇదే కల్లం' అని కొట్టింది. సిగ్నల్ లేదు. చెప్పులు విడిచి ఆటో మీదికెక్కి, గోతాల మీద నిలబడి, ఫోను ఆకాశానికెత్తి తుమ్ముతూ తిరిగింది. నాలుగు యాభై రెండుకి పేరు వెళ్ళింది. జవాబు అయిదుకి నిమిషం ముందొచ్చింది. ఖాజాబీ గారికి పొద్దున్నే ఫోన్ చేస్తారట, హేమశ్రీని పదింటికి ఆఫీసుకి రమ్మన్నారు. ఆ పిల్ల గోతాల మీదే రెండు గంతులేసింది. పై తాడు కాస్త సడలింది, బుల్లయ్య చూసీ ఊరుకున్నాడు.

ముందు సీటు తుండుగుడ్డతో దులిపి, ఇంజను స్టార్ట్ చేసి, గుంటూరు దాకా దింపుతానన్నాడు. దారిలో వినిపించడానికి తన రివర్స్ సంగతి ఇంకా మిగిలే ఉంది. కల్లం చివర జక్రయ్య అనే కూలీ గోతాల మూతులు కుడుతున్నాడు. చూపు రోడ్డు మీద, నోరు కబుర్లలో, దబ్బనం మాత్రం జానెడుకి మూడు కుట్లు తప్పకుండా పోతోంది. చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ కుట్లనే చూస్తూ, హేమశ్రీ అప్పటికే అటు నడుస్తోంది. దూరం నుంచి ఒక తుమ్ము వినిపించింది.