డిసెంబరులో క్రిస్మస్‌ను ఆపిన మనిషి

పరంజ్యోతి గారు జీవితంలో సాధించిన మొదటి ఘనవిజయం, మదరాసు పురసవాక్కంలో ఒక బట్టల కొట్టు ముందు నిలబెట్టిన నిలువెత్తు క్రిస్మస్ తాతను మళ్లీ లోపలికి మోయించడం. అది ఇంకా నవంబరు నెల. ప్లాస్టిక్ తాత నడుము ఊపుతూ గంట వాయిస్తున్నాడు. పరంజ్యోతి గారు ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని, లోపలికి వెళ్లే ప్రతి మనిషినీ ఆపి, "ఈయనకి ఈడ ఇప్పుడు ఏం పనో కొంచెం కనుక్కోండి" అనేవారు.

కొట్టు యజమాని చిన్నస్వామి బయటికి వచ్చి దండం పెట్టాడు.

"అయ్యా, దీపావళి అయిపోయింది. పొంగలు ఇంగా రాలేదు. నడాన నేను ఏం పెట్టుకోని యాపారం చేసేది?"

"ఏమీ పెట్టుకోవద్దు. సుమ్మా, ఊరికే కూచో. ఎదురుచూడ్డం అంటే అదే."

"నేను హిందువును కదయ్యా."

"అందుకే నీతో మర్యాదగా మాట్లాడతా ఉండా. మావోడైతే ఈపాటికి మాటలుండవు."

మూడో సాయంత్రానికి తాత చీరల బీరువాల వెనక్కి వెళ్లిపోయాడు. ఆ పేటలో అంతటి ఘనకార్యం అంతకు ముందు జరగలేదు, ఆ తర్వాతా జరగలేదు.

ఇక విషయం చెప్పాలంటే, ఆ మనిషికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. క్రిస్మస్ రాకముందు ఎవరినీ క్రిస్మస్ చేసుకోనివ్వడు. తక్కిన విషయాల్లో ఆయనంత సవ్యమైన మనిషి ఆ పేట తెలుగు గుడిలోనే, అంటే తెలుగువాళ్ల చర్చిలోనే, లేడు. పల్లెటూరి బడిలో చదివి, మదరాసుకు వచ్చి, మనలిలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీనును ముప్పై ఏళ్లు ఏలాడు. ఆయన సాంబారు కోసం యూనియను వాళ్లూ మేనేజరూ ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు. రెండు సమ్మెలు ఆ సాంబారు దగ్గరే సర్దుకున్నాయి. అంతటివాడు ఆగమన కాలం వచ్చేసరికి మాత్రం పులి అయిపోయేవాడు.

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలు, వాటి మధ్య రోజులు, ఆగమన కాలం. ఆ రోజుల్లో పండుగ చేసుకోకూడదు, పండుగకు మనసు ఊడ్చుకోవాలి అని ఆయన వాదం. ఊడ్పించడానికి స్వయంగా ఇంటింటికీ వచ్చేవారు. కాఫీ ముట్టుకోకుండా కూర్చుని, "ఈ యేడు ఎవురితో మాట మానేసినావు?" అని అడిగేవారు. ఎవరో ఒకరి పేరు చెప్పక తప్పేది కాదు. "సరే, పోయి ఆ వాకిలి తట్టి రా. నేను ఈడే కూచోనుంటా." నిజంగానే కూర్చునేవారు. అత్తా కోడళ్లు, అన్నా తమ్ముళ్లు, ఒకే పంపు దగ్గర నీళ్లు పట్టుకునే పక్కింటి వాళ్లు ఈయన్ని ఇంట్లోంచి లేపడానికే రాజీపడిపోయారు.

దారిలో ఎవరైనా పొరపాటున "హ్యాపీ క్రిస్మస్ అంకుల్" అన్నారంటే అయిపోయారు.

"ఎవురికి? ఇంకా పుట్టలేదే."

ఒక ఏడాది ఎవరో గుడికి ముందుగానే ప్లమ్ కేకు తెచ్చారు. "కాన్పు కాకముందే బారసాల భోజనమా?" అని ఆయన దాన్ని గుడి బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇరవై నాలుగున తీసి చూస్తే చీమలు అప్పటికే పండుగ చేసుకుని వెళ్లిపోయాయి. చీమలకు ఆగమన కాలం గురించి ఎవరూ చెప్పలేదని పాస్టరు అయ్యగారి మీద కూడా కోప్పడ్డారు.

వీటన్నిటినీ పళ్లు కొరుకుతూ భరించినవాడు బాలసుందరం. గుడిలో పాటల బృందాన్ని నడిపేది అతనే. మంచి గొంతు, మంచి కోపం రెండూ ఉన్నవాడు. ఈ ఏడు అతని కోపానికి గట్టి కారణమే వచ్చింది. వీధి చివర ఇంగ్లీషు గుడిలో నవంబరు ఆఖరు నుంచే లైట్లు, గిటారు, ఇంటింటికీ తిరిగే పాటలు. బృందంలో అందరికంటే బాగా పాడే సంయుక్త ఒక ఆదివారం వచ్చి సూటిగా చెప్పేసింది.

"సెమ బోరు అంకుల్. ఆడ అందరూ ఆయన పుట్టినాడని పాడతా ఉండారు. మనం ఇంగా ఎప్పుడొస్తావని పాడతా ఉండాం. నేను ఆడికి పోతా. వీళ్లూ వస్తామంటుండారు."

సంయుక్త పోతే అందరూ పోతారు. అందరూ పోతే మిగిలేది బాలసుందరం, హార్మోనియం. అతను నేరుగా పరంజ్యోతి గారింటికి వెళ్లాడు.

"అన్నా, ఈ యేడు మొదటి వారమే పాటలకి పోతాం. లేదంటే పిల్లలు పోతారు."

"పోనీ. ఇరవై నాలుగున తిరిగొస్తారు."

"రాకపోతే?"

"ఎదురుచూస్తాం. ఈ నెలంతా మన పని అదే కదప్పా."

"మీకు గుడి ముఖ్యమా, పట్టుదల ముఖ్యమా?"

"రెండూ ఒకటే అనుకోని ఇంటికి పో."

బాలసుందరం ఇంటికి పోయాడు కానీ అన్నం సహించలేదు. ఒక్క మనిషి మొండితనానికి పాతికేళ్ల పాట మూగబోవాలా అని దారిలో కనబడిన వాళ్లందరినీ అడిగాడు. అందరూ న్యాయమే అన్నారు. పరంజ్యోతి గారికి చెప్పడానికి మాత్రం ఒక్కరూ రాలేదు.

అంతలో వింత జరిగింది. ఆగమన కాలం మొదలైన మర్నాడే పరంజ్యోతి గారు ఇంట్లో లేరు. "పని మీద పోయినాడు" అంది ఆయన భార్య పుష్పవల్లి. "ఎప్పుడొస్తాడని నన్ను అడగొద్దు. నేనే కోపంగా ఉండా."

బాలసుందరం దేవుడికి కృతజ్ఞతలు చెప్పి, ఆ సాయంత్రమే గుడి మీద నక్షత్రం కట్టించాడు. శనివారం సాయంత్రం గిటారు, డోలు, ఎర్ర టోపీలతో బృందం బయల్దేరింది. మొదటి ఇల్లు హేమమాలినిది. సంయుక్త పాట ఎత్తుకుంటే సందంతా కిటికీలు తెరుచుకున్నాయి. బాలసుందరం గుండె నిండిపోయింది.

హేమమాలిని చీపురు పట్టుకుని తలుపు తీసింది. ఆ మొహంలో పండుగ లేదు.

"అయిపోయిందా అన్నా?"

"ఇంగా రెండు పాటలుండాయమ్మా."

"అవి పెట్టుకోండన్నా. ఆయన వచ్చినాక పాడండి. ఆయనకి ఏమన్నా మిగలాల కదా."

ఆమె భర్త శంకర్ మనలిలో కాంట్రాక్టు పని చేస్తాడు. డిసెంబరులో ఫ్యాక్టరీ ఆపి యంత్రాలు విప్పి బాగు చేస్తారు. పని వాళ్లు అక్కడే పడుకుంటారు, ఇరవై నాలుగున గానీ వదలరు. ఆ సందులోనే అలాంటి ఇళ్లు ఇంకా ఉన్నాయి.

"ఈ సంగతి పరంజ్యోతి అన్నకి తెలుసునా?" అన్నాడు బాలసుందరం.

"ఆయనే కదన్నా నవంబరు వస్తే వచ్చి అడిగిపోయేది, మీ ఇంటాయన యెప్పుడొస్తాడని. ఆ తేదీకి ముందు గుడిలో ఒక్క పాట లేవనీడు కదా."

డోలు కొట్టేవాడు చేతులు కట్టుకున్నాడు. సంయుక్త టోపీ తీసి సంచిలో పెట్టుకుంది. బాలసుందరం మాత్రం ఒళ్లు మండిపోతూ పుష్పవల్లి దగ్గరికి పరుగెత్తాడు.

"ఒక్క మాట చెప్పుంటే నేనే ఆపేసేవాణ్ని కదొదినా. ఇన్నేండ్లు నా చేత ఎందుకు తిట్టించుకున్నాడు?"

"చెప్తే ఎట్లా ఆపుతావు? పాపం అని ఆపుతావు. గుడి మొత్తం పాపం అంటాది. రేపు ఆ హేమమాలిని తలెత్తుకోని గుడికొస్తాదా? నియమం అంటే ఎవురికీ చిన్నతనం లేదు. ఈయన్ని పిచ్చోడంటారు, అంతే కదా. ఆయనకి అది అలవాటే."

బాలసుందరం జేబులోంచి ఫోను తీశాడు.

"ఇప్పుడు యాడుండాడు?"

"మనలిలో. ఆ క్యాంటీన్ వంటాయన కన్నియప్పన్ చెయ్యి విరగ్గొట్టుకున్నాడంట. అందరూ బన్ను తిని పని చేస్తా ఉండారని శంకర్ ఫోన్ చేసినాడు. ఈయన గరిటె ఎత్తుకోని పోయినాడు. మోకాళ్లకు నేను నూనె రాస్తే గానీ లేవలేని మనిషి. పొయ్యికాడ నిలబడతాడంట. వస్తే చెప్తా."

బాలసుందరం ఫోన్ కలిపాడు. అవతల గిన్నెల మోత, ఎవరి మీదో కేక, తర్వాత పరంజ్యోతి గారు.

"నక్షత్రం కట్టినావు కదా?"

"ఎవురు చెప్పినారన్నా?"

"ఒకరు చెప్పాల్నా? నేను లేకపోతే నువ్వు కట్టకుండా ఉంటావా?"

"రేపు దించేస్తానన్నా."

బాలసుందరం మాట విన్నాడంటే ఎవరికో ఏదో అయ్యుండాలని ఆయన కంగారుపడ్డట్టుంది. "ఒళ్లు బాగుండాదా నీకు?" అన్నారు. తర్వాత తేరుకుని, "ఈడ కాంట్రాక్టరు మొన్ననే కేకు తెచ్చినాడప్పా, దరిద్రుడు. లోపల పెట్టి తాళమేసినా."

"పాపం, వాళ్లనన్నా తిననీయన్నా."

"పెండ్లాం బిడ్డల పక్కన కూచోని తినాల. ఈడ నిలబడి తింటే అది టిఫినే."

మర్నాడు ఆరాధన అయ్యాక బాలసుందరం నిచ్చెన ఎక్కి నక్షత్రం దించాడు. కింద ఆడవాళ్లు గుమిగూడి అడిగారు, ఏమైందని. అతను సంగతి చెప్పలేదు. "ఇది ఆగమన కాలం. గుడికి నియమం అనేది ఉండాలా వద్దా?" అని గొంతు పెంచాడు. "అయ్యో, ఈయనకీ పట్టుకున్నాదే" అంది ఒకావిడ. నిచ్చెన మీద బాలసుందరం మీసం దువ్వుకున్నాడు.

సంయుక్త నిచ్చెన కాలు పట్టుకుని నిలబడి ఉంది.

"ఇంగ్లీషు గుడికి పోలేదా?" అన్నాడు.

"వాళ్లకి ఇరవై నాలుగుకల్లా గొంతులు పోయుంటాయి అంకుల్. మనవి కొత్తగా ఉంటాయి. సందు మొదలు కాడి నుంచే పాడుకుంటా పోదాం, మనలి నుంచి వచ్చేవాళ్లు బండి దిగేటప్పుడే. పరంజ్యోతి అంకుల్ యెప్పుడొస్తారో మాత్రం కనుక్కోండి, ప్రాక్టీసు చెయ్యాల."

బాలసుందరం నిచ్చెన దిగకుండానే మళ్లీ ఫోన్ చేశాడు. పరంజ్యోతి గారు ముందు పప్పు మాడుతోందని కోప్పడ్డారు, తర్వాత ఆరాధన వేళ ఫోను చేసినందుకు కోప్పడ్డారు, ఆరాధన అయిపోయిందంటే అంత తొందరగా ఎందుకు అయిపోయిందని కోప్పడ్డారు. ఆఖరున చెప్పారు. శంకర్, తక్కిన అందరూ, ఆయనా ఒకే వ్యానులో వస్తారట. డిసెంబరు ఇరవై నాలుగు, బుధవారం, దీపాలు పెట్టే వేళకు.