గుట్టకు ఏ తొవ్వ

ఆ కార్తీకమాసంలో మా చిలకలగూడ ఇంట్లో ఎవరి నోరూ ఊరుకోలేదు. యాదగిరిగుట్టకు నడిచి వెళ్లాలి, సరే, ఏ దారిన వెళ్లాలి? అన్నం దగ్గర ఇదే మాట. స్నానాల గది తలుపు బయట నిలబడి, లోపల ఉన్నవాళ్లతో కూడా ఇదే మాట.

మొక్కు మా నాయనమ్మది. రెండేళ్ల కిందట నాకు పచ్చకామెర్లు ముదిరి మంచానికి అతుక్కుపోతే, "పోరి లేస్తే దాన్ని ఎంబడి పెట్టుకొని గుట్టకు నడ్చొస్తా సామీ" అని మొక్కింది. నేను లేచాను. లేచి, కాలేజీకి వెళ్లి, క్యాంటీన్లో సమోసాలు కూడా లాగిస్తున్నాను. మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది. పోయిన కార్తీకంలో ఎవరికీ సెలవు కుదరలేదు. "ఈ యేడు పోకుంటే ఇగ నా మోకాళ్లు నడవనియ్యయి" అని నాయనమ్మ ఒకసారి చెప్పింది. ఆమె ఏదైనా ఒకసారే చెబుతుంది.

నాన్న రైల్వేలో టికెట్ కౌంటర్‌లో పనిచేసేవాడు. ఆయన లోకంలో ఊళ్లు ఉండవు, స్టేషన్లే. "పట్టాలెంబడి పోదాం. మౌలాలి, ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, రాయగిరి. ఎవరికన్న కాళ్లు గుంజితే ప్యాసింజర్ ఎక్కియ్యొచ్చు" అనేవాడు. రెజిమెంటల్ బజార్‌లో బట్టల దుకాణం నడిపే మా బాబాయికి ఆ మాట వింటే ఒళ్లు మండేది. "పట్టాల మీద చాయ్ ఎవడు పోస్తడే అన్నా? వరంగల్ రోడ్డు పట్టుకుంటే అడుగడుక్కి హోటలే." అమ్మకు ఇద్దరి దారీ నచ్చలేదు. కీసర మీదుగా వెళ్తే శివుడి దగ్గర దీపం కూడా పెట్టుకోవచ్చని, ఒక్క నడకకు రెండు పుణ్యాలని ఆమె పట్టు. నాకు పల్లీపట్టీ ఎవరు కొనిపెడితే ఆ పూటకు నేను వాళ్ల పార్టీ.

సాయంత్రం డ్యూటీ దిగి రాగానే నాన్న అమ్మ ముగ్గుడబ్బా లాక్కుని నడవాలో నేల మీద రైలు పట్టాలు గీసేవాడు. బాబాయి వచ్చి దాని పక్కనే హైవే పోసేవాడు. అమ్మ డబ్బా గుంజుకుని, కీసర దగ్గర ఒక పద్మం కూడా వేసి మరీ తన దారి చూపించేది. తెల్లారి తడిగుడ్డ పెట్టి మూడింటినీ ఆమే తుడిచేసేది. సాయంత్రం మళ్లీ షురూ. నాయనమ్మ అక్కడే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుండేది. ఎవరైనా తననూ అడుగుతారేమోనని అప్పుడప్పుడూ తలెత్తేది. మేం అడిగితేనా! ఆ పోట్లాటలో మాకు అంత మజా దొరికింది మరి.

చివరికి బాబాయే అన్నాడు. "ఐతారం ట్రయల్ కొడదాం. మౌలాలి దాకా నడిస్తే ఎవరి దమ్మెంతో తెలుస్తది." అందరం ఎగిరి గంతేశాం.

ఆదివారం పొద్దున్నే మంచులో బయల్దేరాం. నాన్న మంకీ క్యాప్, బాబాయి కొత్త బూట్లు, అమ్మ చేతిలో పులిహోర గిన్నె. నాయనమ్మ ఉత్త కాళ్లతో, భుజాన ఒక గుడ్డసంచితో వచ్చింది. చెప్పులు వేసుకోమంటే "జెర ఊకో" అంది. గోవిందా గోవిందా అని అరుచుకుంటూ మల్కాజ్‌గిరి చేరేసరికి బాబాయిని బూట్లు కరిచేశాయి. స్టేషన్ ప్లాట్‌ఫాం మీద కూలబడి, మౌలాలిలో తినాల్సిన పులిహోర అక్కడే ఖాళీ చేశాం.

అప్పుడు సికింద్రాబాద్ వెళ్లే లోకల్ వచ్చి మా ముందు ఆగింది. మాది రైల్వే ఇల్లు. ఎదురుగా బండి ఆగితే ఎక్కకుండా ఉండటం మా ఒంట్లో లేదు. నాన్న లేచి ఎక్కాడు, అమ్మ గిన్నె సర్దుకుని ఎక్కింది, బాబాయి కుంటుకుంటూ వెళ్లి కిటికీ సీటు పట్టాడు. వెనకే నేనూ. బండి కదిలాక నాన్నే అడిగాడు, "ఏందీ, మనం నడుద్దామని గదా వచ్చింది?" ఇక చూడాలి మా నవ్వులు. కడుపు పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చిన నాకు, సంచి భుజాన వేసుకుని గేటు వైపు నడిచిపోతున్న నాయనమ్మ కనిపించింది. బండి ఇంకా ఊపందుకోలేదు. దూకేశాను.

"వాళ్లు తర్వాతి బండికి వచ్చేస్తారు, ఆగు నాయనమ్మా. ఇవాళ ట్రయలే కదా" అన్నాను.

"ట్రయల్ మీకు బిడ్డా. నేను గుట్టకే బయల్దేరిన."

సంచిలో ఇంకో చీర, దువ్వెన, పసుపుగుడ్డలో కట్టిన కొబ్బరికాయ ఉన్నాయి. పొద్దున మేం స్వెటర్లు వెతుక్కుంటుంటే ఆమె దేవుడి దగ్గర దీపం పెట్టి, వస్తున్నానని చెప్పేసిందట.

"ఏ రూటో ఇంకా ఖాయం కాలేదుగా" అన్నాను, వెర్రిమొహం వేసుకుని.

"నువ్వు మంచంల ఉన్ననాడు సామిని నేను తొవ్వ అడిగిన్నా? నడుస్తా అన్న, గంతే. మీరు తేల్చేవరకు ఈ కార్తీకం సుత అయిపోతది."

నవ్వు నా మొహం మీద ఉండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాను. ఎటు పోదామని అడిగితే, "పొద్దు మొఖాన కొడ్తుంది సూడు, అటు" అంది.

మౌలాలి దాటకముందే మిగతావాళ్లు, ఇంట్లో నాయనమ్మ దువ్వెన లేకపోవడం చూసి సంగతి కనిపెట్టి, ఆటోలో దుప్పట్లు పడేసుకుని వచ్చి మమ్మల్ని పట్టుకున్నారు. నాన్న తిట్టడానికే దిగాడు. దిగి, తల్లి కాళ్ల వైపు చూసి, ఆటోను పంపేసి, ఆమె సంచి తన భుజానికి వేసుకున్నాడు.

"అన్నా, ఇది ఎవరి రూటే?" అన్నాడు బాబాయి బూట్లు విప్పుతూ.

"అమ్మది. నడువ్" అన్నాడు నాన్న.

ఆ నడకంత అల్లరి మళ్లీ మా ఇంట్లో జరగలేదు. కాసేపు పట్టాల పక్కన నడిచాం, కాసేపు రోడ్డు మీద, దారి తప్పి కాసేపు ఎవరివో కందిచేల గట్ల మీద. ఎస్టీడీ బూత్ కనబడితే నాన్న ఆఫీసుకు ఫోన్ చేసి సెలవు అడిగాడు. కీసర పోయిందని అమ్మ సణిగి, కనబడ్డ ప్రతి శివాలయంలో దీపం పెట్టి కసి తీర్చుకుంది. బాబాయి ప్రతి చాయ్ బండి దగ్గరా చూశావా అన్నట్టు నాన్న వైపు చూసేవాడు. నాయనమ్మ మోకాళ్లు వాచిపోయాయి. అయినా మా వేషాలు చూసి పడీపడీ నవ్వేది.

గుట్ట కిందికి చేరాక ఆమె మొదటి మెట్టు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. "నువ్వు ముందు ఎక్కు బిడ్డా, ఉరుకు" అంది. నేను ఉరికాను. కొన్ని మెట్లెక్కి ఆగితే, కింద నాన్న మాట వినబడింది. "అమ్మా, గోపురం కనబడ్తుంది, దండం పెట్టుకో."

"ఆగు కొడుకా. ముందు దీన్ని సూడనీ" అంది నాయనమ్మ.

నేను ఇంకా పైకి పరిగెత్తాను.