మంట కనిపించని పొయ్యి

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ప్రపంచంలో ఏ సమస్యకైనా ఒక పట్టిక గీసి, అడ్డంగా రకాలూ నిలువుగా గుణాలూ రాసి, మార్కులు వేసి కూడితే సమాధానం దానంతటదే కింద రాలిపడుతుందని. (పెళ్లి సంబంధాలకు కూడా ఇదే పద్ధతి పాటించమని స్నేహితులకు సలహా ఇచ్చేవాణ్ణి. నా సలహా విన్నవాళ్లెవరికీ పెళ్లి కాలేదు.) యూనివర్సిటీలో నా పీహెచ్‌డీ అంశం గ్రామ పంచాయతీలలో నిర్ణయాలు తీసుకునే విధానం. మూడేళ్లపాటు ఊరివాళ్లు నిర్ణయాలెలా తీసుకుంటారో చదివిన మనిషికి, తన వంటింట్లోకి ఒక పొయ్యి ఎంచుకోవడం ఎంతసేపు? ఆ ఎంపిక పూర్తయ్యేలోపు తార్నాకలో ఒక ఇంటి వదినా ఆడబిడ్డలకు మాటలు లేకుండా పోయాయి. ఒక కెమిస్ట్రీ ప్రొఫెసరుగారికి మనశ్శాంతి పోయింది. మా బాపమ్మ తనకు ఉన్న కాస్త చూపూ పోయిందని ఏడ్చింది.

హాస్టల్ వదిలి, మా సీనియర్ ఒకాయనతో కలిసి తార్నాకలో మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నాను. ఆయన్ని క్యాంపస్‌లో అందరూ సినాప్సిస్ అన్న అనేవారు. థీసిస్‌కు ముందు ఇవ్వాల్సిన సారాంశాన్ని ఏడేళ్లుగా దిద్దుతూనే ఉన్నాడు. అది పెరిగి పెరిగి మిగతావాళ్ల థీసిస్ కంటే లావైంది. మా వంటిల్లంటే ఒక గట్టు, గట్టు మీద ఒక కరెంటు కెటిల్. అందులోనే టీ, అందులోనే నూడుల్స్, అందులోనే గుడ్లు. (గుడ్లు ఉడికాక అందులో కాచిన టీకి ఒక ప్రత్యేకమైన వాసన ఉండేది. మా గదికి రెండోసారి వచ్చిన అతిథి నాకు గుర్తులేడు.) ఇలా సుఖంగా బతుకుతుండగా ఊరి నుంచి బాపు ఫోన్ చేశాడు. మా వైపు నాన్నను బాపు అంటాం, ఆయన తల్లిని బాపమ్మ అంటాం.

"బాపమ్మ కండ్లకు పొర పట్టిందిరా. హైదరాబాద్ల ఆపరేషన్ చేపిస్తున్నం. వచ్చే వారం తోలుకొస్త. రెండు వారాలు నీ కాడనే ఉంటది. బయటి తిండి ముట్టది, నీకెరికేనాయె. పొయ్యి ఉన్నదా?"

"ఉన్నది బాపూ."

"మంచిగ మండుతదా?"

"మస్తు మండుతది," అన్నాను, కెటిల్ వంక చూస్తూ.

ఫోన్ పెట్టేయగానే పట్టిక గీశాను. పద్నాలుగు వరుసలు. గ్యాస్ పొయ్యికి ఎక్కువ మార్కులు వచ్చాయి కానీ, కనెక్షన్‌కు కావలసిన కాగితాలు వారంలో తెమిలేవి కావు. పైగా కింద ఉండే ఓనరమ్మ మేడ మీదికి సిలిండర్ ఎక్కించొద్దని మొదటిరోజే షరతు పెట్టింది. తర్వాతది కాయిల్ పొయ్యి. సినాప్సిస్ అన్న ఎవరిదో పాతది తెచ్చి ప్లగ్గు పెట్టాడు. మరుక్షణం ఇల్లంతా కరెంటు పోయింది. కింద టీవీలో సీరియల్ ఆగిపోయి, "ఎవడ్రా వాడు!" అన్న కేక పైకి వచ్చింది. మిగిలింది ఇండక్షన్ పొయ్యి. తార్నాక చౌరస్తా దగ్గర దుకాణంలో సేల్స్‌మన్ దానిమీద పేపరు పరిచి, పేపరు మీద గిన్నె పెట్టి, నీళ్లు తెర్లించి చూపించాడు. పేపరు కాలలేదు. "చూడుండ్రి సార్, చెయ్యి గూడ కాలది," అన్నాడు. నేను ముగ్ధుణ్ణైపోయి 'భద్రత' అన్న వరుసలో పదికి పది వేశాను. అన్న మాత్రం ఆ పేపరు తీసుకుని, తడవకుండా మిగిలిన సంపాదకీయం చదువుతూ నిలబడ్డాడు.

ఇంటికొచ్చి మా సత్తు గిన్నెలో బియ్యం కడిగి దానిమీద పెట్టాను. కుయ్యిమంది. అద్దంలాంటి పలక మీద ఎర్రటి అక్షరం ఒకటి వెలిగి ఆరిపోయింది. మళ్లీ పెట్టాను, మళ్లీ కుయ్యిమంది. అన్న పెట్టెలోంచి చిన్న పుస్తకం తీసి, తన సారాంశాన్ని చదివినంత శ్రద్ధగా చదివి, "తమ్మీ, అయస్కాంతం అంటుకునే గిన్నెలే పనికొస్తయట దీనికి. సత్తువి నడువయి," అన్నాడు. బుద్ధున్నవాడైతే చౌరస్తాకు వెళ్లి అలాంటి గిన్నె ఒకటి కొనుక్కొచ్చేవాడు. నేను పరిశోధకుణ్ణి కదా. ముందు సర్వే చేయాలనిపించింది. పాడైపోయిన స్పీకరులోంచి గుండ్రటి అయస్కాంతం పీకాను. గారె అంత ఉంది, మధ్యలో చిల్లు కూడా ఉంది. అది పట్టుకుని, అంటుకునే గిన్నె ఏదైనా ఉంటే రెండు వారాలకు అడుక్కుందామని మేడ దిగాను.

ఓనరమ్మ వంటింట్లో మూడు గోడల నిండా స్టీలు సామాను. ప్రతి గిన్నె మీదా ఎవరిచ్చారో చుక్కలు చుక్కలుగా పేరు చెక్కించి ఉంది.

"ఏంది బిడ్డా గది?" అంది ఓనరమ్మ నా చేతిలోకి చూస్తూ.

"అయస్కాంతం ఆంటీ. ఇది అంటుకుంటే మంచి గిన్నె అన్నట్టు," అన్నాను. నా జీవితంలో ఒక్క వాక్యాన్ని వెనక్కి తీసుకునే అవకాశం ఎవరైనా ఇస్తే నేను తీసుకునేది అదే.

ఆమె ఉత్సాహంగా తన పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన సామాను దించింది. బిందెకు పెట్టాను, జారిపోయింది. గంగాళానికి పెట్టాను, జారిపోయింది. పళ్లేలు, చెంబులు, టిఫిన్ క్యారియర్ నాలుగు గిన్నెలూ ఏదీ పట్టలేదు. చివరికి పై అరలో ఒక మూలనున్న తపేలా తీసి పెడితే టక్కుమని అంటుకుంది. తిప్పి చూస్తే దానిమీద ఆమె ఆడబిడ్డ పేరుంది. కింది వాటాలో ఎదురుగుండా ఉండేది ఆ ఆడబిడ్డే. చప్పుడు విని గుమ్మంలోకి వచ్చి, సంగతంతా తెలుసుకుని, "నేనప్పుడే చెప్పిన గద వదినె, ఏరి ఏరి తెచ్చినా అని," అంది. ఓనరమ్మ ముఖం చిన్నబోయింది. "అంటే మా అమ్మగారింటోళ్లు పెట్టింది మంచిది కాదంటవా?" అని అడిగింది. అడిగింది ఆడబిడ్డను కాదు, నన్ను.

మరునాటికి కథ తిరగబడింది. ఓనరమ్మ మల్కాజ్‌గిరిలో ఉండే తన తమ్ముడికి ఫోన్ చేస్తే, ఆయన పకపకా నవ్వి అసలైన మంచి స్టీలుకు అయస్కాంతం అంటుకోదనీ, అంటుకునేదే చవక రకమనీ చెప్పాడట. ఓనరమ్మ ఆ మాట వాకిట్లో నిలబడి, ఎదుటి వాటాలోకి వినపడేట్టు మూడుసార్లు చెప్పింది. ఆడబిడ్డ తలుపేసుకుంది. ఆ ఇంట్లో నీళ్ల మోటారు స్విచ్చి ఓనరమ్మ వాటాలో ఉండేది, ట్యాంకుకు నీళ్లెక్కించే వాల్వు ఆడబిడ్డ వాటాలో ఉండేది. ఒకరు "వేస్తున్న" అని కేకేస్తే రెండోవారు తిప్పాలి. మాటలు లేవు కాబట్టి నీళ్లు లేవు. నేనూ అన్నా బకెట్లతో వీధి పంపు దగ్గర నిలబడ్డాం.

నా ఖ్యాతి మాత్రం గల్లీ దాటింది. ఆదివారం తలుపు తీస్తే మెట్ల మీద ఆడవాళ్లు వరుసగా నిలబడి ఉన్నారు, చంకల్లో బిందెలు, చేతుల్లో దోసె పెనాలు. సీతాఫల్‌మండి నుంచి ఒకావిడ ఆటోలో ఇడ్లీ కుక్కర్ తెచ్చింది. ఏది మంచిది అనేది ఏ పొయ్యి వాడతారన్నదాన్ని బట్టి ఉంటుందని నేను ఉపన్యాసం మొదలుపెడితే ఒకామె ఆపేసింది. "గదంత మాకెందుకు సార్? మా తోడికోడలు మోసం చేసిందా లేదా, అది చెప్పుండ్రి సాలు." (పంచాయతీలలో నిర్ణయాలెలా జరుగుతాయో మూడేళ్లలో నాకు తెలియనిది ఆ మెట్ల మీద ఒక్క పూటలో తెలిసింది.) అందరూ వెళ్లాక ఓనరమ్మ పైకి వచ్చింది.

"బిడ్డా, ఇరవై ఏండ్ల సంది మా ఆడిబిడ్డకు నాకు ఒక్క మాట పట్టింపు లేకుండె. నీ గారెబిళ్ల వచ్చి ఇల్లు రెండు చేసింది. నువ్వే కలుపు. కలుపకపోతివా, ఫస్టుకు ఖాళీ చెయ్యి."

బాపమ్మ రావడానికి రెండు రోజులుంది. మంచి చెడ్డల సంగతి తెలిసినవాళ్లతో ఒక కాగితం మీద రాయించుకొస్తే గొడవ తీరుతుందని అన్న సలహా ఇచ్చాడు. (ఏడేళ్లలో ఆయనిచ్చిన సలహాల్లో ఇదే కాస్త చిన్నది.) క్యాంపస్‌లో కెమిస్ట్రీ ప్రొఫెసరుగారి గదికి వెళ్లాను. ఆయన అంతా విని, కళ్లజోడు తుడుచుకుని, "మీరిది చేస్తున్నట్టు మీ గైడుకు తెలుసా?" అని అడిగారు. అయినా మంచివారు. స్టీలులో రకాలున్నాయనీ, కలిపే లోహాలను బట్టి కొన్నింటికి అయస్కాంతం అంటుకుంటుందనీ, కొన్నింటికి అంటుకోదనీ, రెండూ వంటకు పనికొచ్చేవేననీ ఓపికగా చెప్పి, సంతకం పెట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు. నేను లేచి గుమ్మం దాకా వచ్చాక, "ఒక్క నిమిషం," అన్నారు. సొరుగులోంచి లంచ్ బాక్స్ తీసి, తలుపు దగ్గరకు వేసి, "మా అత్తగారిచ్చింది. ఒకసారి చూడండి," అన్నారు. టక్కుమంది. ఆయన బాక్సు తిప్పి అడుగు చూశారు, మూత తీసి లోపల చూశారు. రెండు రకాలూ మంచివేనని ఆయన చెప్పిన మాటనే నేను ఆయనకు తిరిగి చెప్పాను. వినిపించుకున్నట్టు లేదు.

మంగళవారం పొద్దున బాపు బాపమ్మను దింపి, పొలం పనులున్నాయని మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయాడు. ఆమె సంచిలో జొన్నపిండి, కారం, బట్టలు, అడుగున తన రొట్టెల పెంక ఉన్నాయి. వేలి మందాన, చదునుగా, నల్లటి ఇనుము. నా ప్రాణం లేచొచ్చింది. ఇనుమంటే ఇండక్షన్‌కు ఇష్టమైన తిండి. నిలబడి వంట చేయడం ఆమెకు రాదు కాబట్టి పొయ్యిని గట్టు మీంచి దించి నేల మీద పీట వేసి పెట్టాను. పెంక పెట్టి మీట నొక్కితే కుయ్యిమనలేదు. ఆమె పిండి కలిపి, రొట్టె చరిచి, పెంక మీద వేసింది. తర్వాత ముందుకు వంగింది. పెంక కింద చూసింది. ఇటు పక్కకు జరిగి చూసింది, అటు పక్కకు జరిగి చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది.

"మంటేదిరా కొడుకా?"

"మంటుండదు బాపమ్మా. గిది కరెంటు పొయ్యి."

"రొట్టె కాలుతున్నది. వాసనొస్తున్నది. మంట లేకుంట ఎట్ల కాలుతది?" అంది. "మొన్నటిదాంక మసక మసకగనన్న మంట కనిపిస్తుండె. ఇయ్యాల గదిగూడ పాయె. ఇగ ఆపరేషన్ ఎందుకురా? నన్ను ఊరికి తోల్కపో."

పలక లోపల రాగి చుట్ట ఉంటుందనీ, అది పెంకనే వేడెక్కిస్తుందనీ చెప్పబోయాను. ఆమె పెద్దగా ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపుకు ఓనరమ్మ పైకి పరుగెత్తుకొచ్చింది. వెనకే ఆడబిడ్డ. ఇద్దరూ గుమ్మంలో ఒకరినొకరు చూసుకుని ఆగిపోయారు. తర్వాత బాపమ్మను చూసి ఇద్దరూ ఒకేసారి లోపలికి వచ్చారు. సంగతి చెప్పాను. ఓనరమ్మ నేల మీద కూర్చుని పెంక కిందికి తొంగి చూసి, "నాక్కూడ కనిపిస్తలేదవ్వా. ఒట్టు," అంది. ఆడబిడ్డ కూడా వంగి చూసింది. "నాగ్గూడ కనిపిస్తలేదు. వదినె చెప్పింది నిజమే." గొడవ మొదలయ్యాక ఆ ఇంట్లో ఆ ఇద్దరూ ఒప్పుకున్న మొదటి సంగతి, అక్కడ మంట లేదని. సినాప్సిస్ అన్న కూడా కళ్లజోడు పెట్టుకుని బోర్లా పడుకుని చూసి, లేదని ధ్రువీకరించాడు.

బాపమ్మ నమ్మలేదు. "ముసల్దాన్ని ఊకుంచెటందుకు అందరు ఒక్కటైండ్రు," అని ఇంకా ఎక్కువ ఏడ్చింది. చివరికి వదినా ఆడబిడ్డలు చెరో చెయ్యీ పట్టుకుని మెట్లు దింపి, ఓనరమ్మ వంటింట్లో గ్యాస్ పొయ్యి ముందు నిలబెట్టారు. ఆడబిడ్డ లైటర్ నొక్కింది. నీలంగా మంట లేచింది. బాపమ్మ కళ్లు చికిలించి, ఇంత దగ్గరికి వచ్చి, "ఆఁ... గిదీ మంటంటే," అంది. ఏడుపు మధ్యలో నవ్వింది. అందరం నవ్వాం. ఆ తర్వాత ఆమె ఆ పొయ్యిని నేల మీదికి దింపించి, పైనున్న పెంక తెప్పించుకుని, అక్కడే రొట్టె చరిచి, సగం కాల్చి, పెంక దించి రొట్టెను నేరుగా మంట మీద పెడితే, అది బూరెలా పొంగింది. వదినా ఆడబిడ్డలు ఇద్దరూ తమకు నేర్పమన్నారు. ఒకరు పిండి కలుపుతుంటే ఒకరు నీళ్లు పోశారు. సాయంత్రం వాకిట్లోంచి "వేస్తున్న!" అని కేక వినిపించింది. ట్యాంకులోకి నీళ్లెక్కాయి. ఖాళీ చేయమన్న మాట మళ్లీ ఎత్తలేదు.

రెండు వారాలూ వంట కిందనే జరిగింది. ఆపరేషన్ తర్వాత కంటికి వేడి తగలకూడదన్నారు కాబట్టి బాపమ్మ కుర్చీలో కూర్చుని చెబుతుంటే వాళ్లిద్దరూ చేసేవారు. నేను పద్నాలుగు వరుసల్లో బేరీజు వేసి తెచ్చిన ఇండక్షన్ పొయ్యి చదునుగా, శుభ్రంగా ఉందని సినాప్సిస్ అన్న తన చిత్తుప్రతులు దానిమీద పేర్చుకున్నాడు.

ఇప్పుడు నాకొక ఇల్లుంది, అందులో ఒక వంటిల్లుంది. ఈ మధ్య పొయ్యి మార్చాల్సి వచ్చినప్పుడు నా భార్య దుకాణంలోకి వెళ్లి, టీ తాగినంత సేపట్లో ఒకటి ఎంచుకుని బయటికొచ్చింది. నన్ను అడగలేదు. నేనూ ఏమీ అనకుండా సంచి అందుకున్నాను. ఇంటికొస్తుంటే కట్టు విప్పిన రోజు గుర్తొచ్చింది. ఆసుపత్రిలో నర్సు బాపమ్మ కంటి మీది దూది తీసింది. ఆమె రెప్పలు ఆర్పి, గోడను చూసి, కిటికీని చూసి, చివరికి నన్ను చూసింది. చూసి, నా చెంపలు రెండూ చేతుల్లోకి తీసుకుంది.

"ఏందిరా గిట్లైనవ్? ముక్కొక్కటే మిగిలింది. ఇన్ని దినాలు మసకల మంచిగ లావు కనిపిచ్చినవ్ కొడుకా, సంబురపడ్డ."

 ఆనాటి నేను, ఆ ముక్కొక్కటే మిగిలిన కుర్రాడు, ఇప్పుడెక్కడైనా ఎదురైతే నేను ఏ సలహా ఇవ్వను, ఏ పొయ్యి మంచిదో కూడా చెప్పను. లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, ఒక పూట కడుపునిండా అన్నం పెట్టి పంపిస్తాను.