పాండిచ్చేరిలో మా అన్న పక్కన కూర్చున్నాయన

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నాకు భయం కాదు, విసుగొచ్చేది. మదనపల్లెలో నాకు చిన్న మెడికల్ షాపు ఉంది. పిల్లకు జ్వరమొస్తే ముందు తాయెత్తు కట్టించి, తగ్గకపోతే అప్పుడు మందుల కోసం వచ్చేవాళ్ళను ఏళ్ళ తరబడి చూస్తున్నాను. వాళ్ళను కసురుకుని డాక్టరు దగ్గరికి పంపడం నాకు అలవాటు. మేము చర్చికి పోయే కుటుంబం. అక్కడ కూడా ఎవరైనా లేచి కలలూ దర్శనాలూ మొదలుపెడితే నేను గడియారం వైపు చూసేవాణ్ణి. నేనిప్పుడు రాయబోయేది వేరే ఎవరైనా రాసి ఉంటే సగంలోనే పక్కన పడేసేవాణ్ణి.

ఇది మా అన్న రత్నం సంగతి. ఆయన పుంగనూరులో ఉంటాడు. పుంగనూరు నుంచి కుప్పానికి చాలా ఏళ్ళు బస్సు నడిపాడు. షుగరు వల్ల ముందు ఒక కన్ను, తర్వాత రెండోది పోయాయి. వెలుతురు, చీకటి తేడా కూడా తెలియదు. అయినా మనిషి దిగాలు పడలేదు. బస్సెక్కితే డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, గేరు మార్చే శబ్దం విని తప్పులు పట్టేవాడు.

పోయిన సంవత్సరం పాండిచ్చేరిలో ఒక కంటి ఆసుపత్రి గురించి ఎవరో చెబితే ఇద్దరం వెళ్ళాం. వదినకు మోకాళ్ళ నొప్పులు, అందుకని రాలేదు. పొద్దున్నే అన్ని పరీక్షలూ చేశారు. ఇక చేయగలిగింది ఏమీ లేదని డాక్టరమ్మ నెమ్మదిగా, మర్యాదగా చెప్పింది. అన్న "సరేమ్మా" అన్నాడు. ఆసుపత్రి ముందర మెట్ల మీద కూర్చుని ఉండగా అడిగాడు.

"ఈడ సముద్రం ఉండాది కదరా?"

"ఉండాదన్నా."

"ఇంత దూరం వచ్చి సముద్రం సూడకుండా పోతే మీ వదిన నగుతాది. పోదాం పద."

మా బస్సు రాత్రికి. మధ్యాహ్నం బయలుదేరి ఊరంతా చూపించి సాయంత్రానికి వదిలిపెట్టే వ్యాను ఒకటి ఉందని లాడ్జి వాళ్ళు చెప్పారు. ఎక్కాం. మలర్ అనే అమ్మాయి గైడు. మైకు పట్టుకుని తమిళంలో, ఇంగ్లీషులో గడగడా చెబుతోంది. మాకు తమిళం కొద్దోగొప్పో వచ్చు గానీ ఆ వేగానికి అందుకోలేకపోయాం. "నువ్వే చెప్పప్పా, ఏం కనపడితే అది చెప్పు" అన్నాడు అన్న.

వ్యానులో వెనక వరుస మొత్తం ఖాళీ. అన్న మధ్యలో కూర్చున్నాడు. నేను ఆయనకు కుడిపక్క. ఎడమపక్క కిటికీ దగ్గర ఎండ కొడుతోంది, అక్కడ ఎవరూ కూర్చోలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

తెల్లవాళ్ళ కాలం నాటి వీధుల్లోకి వచ్చాం. పసుపు రంగు గోడలు, వాటి మీద పాకిన కాగితం పూలు. నేను చెప్పబోతుంటే అన్న చెయ్యి ఊపాడు.

"చెప్పేసినాడు లేరా. పసుప్పచ్చ గోడలు, నీలం తలుపులు."

గైడు మాటలు ఆయనకు నాకంటే బాగా అర్థమవుతున్నాయేమో అనుకున్నాను. "చెప్పేసినాడు" అన్నది నా చెవిన పడింది గానీ పట్టించుకోలేదు. గైడు ఆడపిల్ల కదా అన్నది నాకు తర్వాత తట్టింది.

మొదట ఒక పాత చర్చి దగ్గర దింపారు. లోపల అన్న బెంచీ మీద కూర్చుని తల వంచి ప్రార్థన చేసుకున్నాడు. లేచి బయటికి వస్తూ అన్నాడు, "పైన ఒక అద్దం పగిలిపోయిందంట, అట్ట ముక్క పెట్టి మూసినారంట సూడు." వెనక్కి తిరిగి తలెత్తి చూశాను. రంగు అద్దాల వరుసలో బాగా పైన ఒకచోట అద్దం లేదు. గోధుమ రంగు అట్ట ఉంది. నేను లోపల ఉన్నంతసేపూ దాన్ని గమనించలేదు.

"ఎవరు చెప్పిందన్నా?"

"పక్కనాయప్ప. మన సైడాయనే అప్పా. మాట సోమల వాళ్ళ మాదిరి ఉండాది."

ఎవరో తోటి ప్రయాణికుడు అన్నతో మాట కలిపాడనుకున్నాను. మన జిల్లా మనిషి అక్కడ ఉండటం వింతేమీ కాదు. వ్యాను ఎక్కాక అందరి మొహాలూ ఒకసారి చూశాను. ఒక బెంగాలీ కుటుంబం, కొత్త జంట ఒకటి, తమిళం మాట్లాడే ముసలి దంపతులు, కాలేజీ అమ్మాయిలు నలుగురైదుగురు. మన మనిషి అనిపించేవాడు ఒక్కడూ లేడు.

వ్యాను కదిలింది. అన్న ఎడమపక్కకు కాస్త తల వంచి, వింటూ, "ఓహో" అంటున్నాడు. మధ్యమధ్యలో నవ్వుతున్నాడు. నాతో ఆటలాడుతున్నాడేమో అనుకున్నాను, ఆయనకు ఆ అలవాటుంది. తర్వాత షుగరు పడిపోయిందేమోనని అనుమానం వచ్చింది. మిషను నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. వేలు గుచ్చి చూశాను. బాగానే ఉంది. పొద్దున ఆసుపత్రిలో అంత మాట విన్న మనిషి ఇప్పుడు సంతోషంగా ఉన్నాడు, ఉండనీలే అని ఊరుకున్నాను.

ఒక సన్నటి వీధిలో వ్యాను నెమ్మదించింది. ముందర మలుపు. అన్న నా మోకాలు తట్టాడు.

"ఎదురుగా ఆటో వస్తాండాదంట. దాంట్లో పెండ్లికూతురు ఉండాదంట, పూలజడ బయటికి వేలాడతాండాదంట."

ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు. మలుపు తిరిగాం. ఆటో వచ్చింది. మా డ్రైవరు దానికి దారివ్వడానికి పక్కకు ఆపాడు. లోపల పట్టుచీర కట్టుకున్న పిల్ల. పూలజడ ఆటో పక్కనుంచి బయటికి జారి గాలికి ఊగుతోంది.

కాలేజీ అమ్మాయిలు కిటికీల్లోంచి చేతులూపారు. నేను మెల్లగా తల తిప్పి, అన్న అవతల ఉన్న ఖాళీ సీటు వైపు చూశాను. ఎండ పడుతున్న రెక్సిను సీటు. దాని మీద దుమ్ము. ఇంకేమీ లేదు. నోరు మెదపలేదు, కదల్లేదు. ఊరికే చూస్తున్నాను.

"రేయ్, యాల ఆయప్పను అట్ల సూస్తాండావు?" అన్నాడు అన్న. "సూడొద్దని చెప్పమంటాండాడు."

నా జీవితంలో నేను అంత భయపడిన క్షణం అంతకుముందు లేదు. పట్టపగలు, చుట్టూ మనుషులు, మైకులో ఆ అమ్మాయి ఏదో జోకు చెబుతోంది, అందరూ నవ్వుతున్నారు. చూపు లేని మనిషికి నేను ఎటు చూస్తున్నానో ఎలా తెలుస్తుంది?

లేచి ముందుకు వెళ్ళి మలర్‌ను అడిగాను, వెనక మా పక్కన ఎవరైనా ఎక్కారా అని. ఆమె వింతగా చూసింది. "వెనక సీట్లో మీరిద్దరే కదా సార్, అన్నగారికి కుదుపుగా ఉందా?" అంది. ఔనన్నాను. ముసలి దంపతులను బతిమాలి, డ్రైవరు వెనకున్న సీట్లు మాకిప్పించింది. అన్నను కిటికీ వైపు తోసి, నేను ఇవతల కూర్చున్నాను. ఇక ఆయన పక్కన నేను కూర్చున్నది తప్ప వేరే చోటు లేదు.

అన్న మొహం ముడుచుకుపోయింది. "ఆయప్ప రాలేదే" అన్నాడు. ఆ తర్వాత నేను ఏం చెప్పినా "ఊఁ" అన్నాడంతే. నాకు మాత్రం ఊపిరి ఆడింది.

చివరిగా బీచ్ రోడ్డు. అక్కడ ఇసుక కన్నా రాళ్ళెక్కువ. రోడ్డు పక్కన పొడుగునా పిట్టగోడ, దాని అవతల పెద్ద పెద్ద నల్ల బండలు నీళ్ళదాకా పేర్చి ఉంటాయి. అలలు వాటికి కొట్టుకుని పైకి లేస్తాయి. కాసేపు తిరిగి వ్యాను దగ్గరికి రమ్మని మలర్ చెప్పింది. అన్నను గోడ మీద కూర్చోబెట్టాను. చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని సముద్రం వైపు మొహం పెట్టి వింటున్నాడు. నాలుకతో పెదాలు తడుపుకుని, "ఉప్పురా" అని నవ్వాడు. నా మనసు కుదుటపడింది. పక్కనే టీ అమ్ముతుంటే రెండు చెప్పాను.

గ్లాసులు అందుకుని తిరిగేసరికి గోడ మీద చేతికర్ర ఉంది. అన్న లేడు.

బండల మీద ఉన్నాడు. సగం దూరం దిగిపోయాడు. కళ్ళున్నవాళ్ళే చేతులు ఆనించుకుని కూర్చుని దిగాల్సిన చోట ఆయన నిలబడి దిగుతున్నాడు. కుడిచెయ్యి ముందుకు చాచి ఉంది, ముందు నడిచే మనిషి భుజం మీద వేసినట్టు. పాదం ఎక్కడ పెట్టాలో అక్కడే పడుతోంది. ఒక్కసారి కూడా తడబడలేదు. చెప్పులు కూడా విప్పేశాడు.

గ్లాసులు ఎక్కడ పడేశానో తెలియదు. "అన్నా!" అని అరిచాను.

ఆయన వెనక్కి తిరగలేదు. "వస్తా లేరా," అన్నాడు, పని మీద ఉన్నవాడు పిల్లాణ్ణి కసురుకున్నట్టు. "దారి సూపిస్తాండాడు కదా."

నేను గోడ దూకి దిగాను. రెండుసార్లు జారాను, మోకాలు చీరుకుపోయింది. గోడ దగ్గర సుండల్, అంటే ఉడకబెట్టిన శనగ గుగ్గిళ్ళు, అమ్ముకునే ఒకతను నా అరుపు విని బుట్ట దింపేసి నా వెనకే దిగాడు. నేను అన్నను అందుకునేసరికి ఆయన కింది బండ మీద ఉన్నాడు. అల వచ్చి కాళ్ళను ముంచి పోతోంది. ఎడమచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను.

రాలేదు. ఆయన గట్టిగా నిలబడి బిగపట్టినట్టు కాదు. ఒళ్ళు నా వైపు వాలింది, కాళ్ళు తేలిపోతున్నాయి. కానీ ఆ చాచిన కుడిచెయ్యి అలాగే ఉంది, కర్రలా బిగుసుకుని, నీళ్ళ వైపు. దాన్ని అవతల నుంచి ఎవరో పట్టుకున్నట్టు ఆయన భుజం సాగుతోంది. సుండల్ అతను నడుం చుట్టూ చేతులేసి పట్టాడు. ఇద్దరం లాగాం. ఒక్కసారిగా వదిలేసినట్టయి ముగ్గురం వెనక్కి పడ్డాం.

పైకి తెచ్చాక అన్న చాలాసేపు వణికాడు. మలర్ పరిగెత్తుకొచ్చి తన చున్నీ ఆయనకు కప్పింది, ఆ పిల్ల ఏడుస్తోంది. సుండల్ అతను తన అరచేతులు చూసుకుంటున్నాడు. నన్ను పక్కకు పిలిచి తమిళంలో ఒకే మాట అడిగాడు, "అవతల పట్టుకుంది ఎవరు?" నేను తెలియదన్నాను. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. బుట్ట తలకెత్తుకుని, మళ్ళీ మా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

రాత్రి బస్సులో అన్నను అడిగాను.

"ఏం చెప్పినాడన్నా నీకు?"

"ఇంకొంచెం ముందుకొస్తే కనపడతాదని చెప్పినాడురా. సముద్రం కనపడతాదని."

ఆ మాటకు నేను అటు తిరిగి ఏడ్చాను.

ఊరికి వచ్చాక నాకు తెలిసిన డాక్టరుకు చెప్పాను. ఇక చూపు రాదని విన్న రోజున మనసు ఇలాంటి పనులు చేస్తుంది, చూపు లేనివాళ్ళకు అడుగు నేర్పు ఎక్కువ, తడి బండ మీద మనిషిని లాగితే అవతల ఎవరో పట్టుకున్నట్టే బరువనిపిస్తుంది అన్నాడు. అన్నీ ఒప్పుకున్నాను. పూలజడ సంగతి అడిగితే ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేను ఇది రాసేవాణ్ణి కాదు.

నెల తిరగకముందే పుంగనూరు వెళ్ళాను. వదిన లోపల వంట చేస్తోంది. అన్న వరండాలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. నేను పక్కన కూర్చోగానే ఉన్నట్టుండి, "నీ తలంతా యాల అట్ల నెరిసిపోయిందప్పా? రంగు మానేసినావా?" అన్నాడు.

నేను జుట్టుకు రంగు వేసుకునేవాణ్ణి. ఒంటికి పడక, పాండిచ్చేరి పోవడానికి కొన్ని నెలల ముందే మానేశాను. అన్నకు చూపున్న రోజుల్లో నాది నల్లటి జుట్టు. వదిన చెప్పిందేమోనని లోపలికి వెళ్ళి అడిగాను. నీ జుట్టు సంగతి ఆయనకు నేనెందుకు చెబుతాను అంది. అన్న పిల్లలూ చెప్పలేదన్నారు. తిరిగొచ్చి అన్ననే అడిగాను.

"ఆ రోజు సూసినాను కదరా," అన్నాడు. "నువ్వు నా చెయ్యి పట్టుకుని లాగేటప్పుడు అంతా తెల్లగా అయింది. వెనక్కి తిరిగితే నువ్వు. తలంతా తెలుపు, మోకాలు కాడ ప్యాంటు చినిగి రక్తం. ఒక్క రవ్వసేపు. నువ్వు లాగేసినాక మళ్ళీ ఏం లేదు."

నా జుట్టు సంగతి వ్యానులో ఆ గొంతే ఆయనకు చెప్పి ఉండవచ్చు. కానీ అప్పటికి నా మోకాలు చీరుకోలేదు. బండల మీద ఎవరైనా చెప్పారా? నా లోపలే ఏమైనా తప్పి, జరగనివి జరిగినట్టు అల్లుకున్నానా? సుండల్ అతను అడిగిన మాట నేను సరిగ్గానే విన్నానా?

నాకిప్పుడున్న భయం వేరే. నేను పుంగనూరు పోయిన ప్రతిసారీ, వదిన పక్కన లేని సమయం చూసి, అన్న నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడుగుతాడు, "మళ్ళీ ఒకసారి పోదామా అప్పా పాండిచ్చేరికి?" షాపులో పని ఉందంటాను, ఎండలు తగ్గనీ అంటాను. ఆయన కోప్పడడు. మళ్ళీ వెళ్ళినప్పుడు మళ్ళీ అడుగుతాడు. ఆ రోజు నేను లాగకపోయి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. అన్నకూ తెలుసు. తెలిసే అడుగుతున్నాడు.