గణుపుల్లేని బొంగు

"ఇందుల గణుపులు ఏవి బిడ్డా? గణుపు లేని బొంగును నేను నమ్మ."

జానయ్య ఆ ఫైబర్ గొట్టం మొదలును ఒక కంటికి ఆనించుకున్నాడు. రెండో కన్ను మూస్తే అవతలి కొసన సూది బెజ్జమంత ఆకాశం కనబడింది. అమరేందర్ హైదరాబాదులో ఇలాంటి గొట్టాలు రెండు కొన్నాడు, ఒకటి సన్నంది, ఒకటి లావుది. పిడి, రింగులు తనే బిగించుకొని గాలం కట్టె చేసుకోవాలని అతని సరదా. ఏ గొట్టం మంచిదో ఎంచేవాళ్లు కావాలంటే, రామన్నపేట చుట్టుపక్కల ఎవరిని అడిగినా, వెదురు బొంగులతో గాలం కట్టెలు చేసే, డెబ్బై దాటిన జానయ్య పేరే చెప్పారు.

"అది ఫైబర్ తాతా. గణుపులుండవు. మొదలు నుంచి కొస దాకా డొల్లనే."

"కొస దాకనా?"

"కొస దాకా."

ముసలాయన గొట్టాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. రుమాలుతో దాన్ని తుడిచాడు, తుడిచిందే మళ్లీ తుడిచాడు. ఏదో తప్పు మాట అన్నానా అని అమరేందర్ ఆయన మొహం చూశాడు.

"డొల్ల బొంగును ఒక్కపారే ఎంచిన. గది మల్ల ఎవ్వలకు చెప్పలే" అన్నాడు జానయ్య. అని, చెప్పడం మొదలుపెట్టాడు.

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు. రజాకార్లు పోయారని ఊరు ఊపిరి పీల్చుకునేలోపే, కమ్యూనిస్టు సంఘపోళ్ల కోసం మిలట్రీ ఊళ్ల మీద పడింది. జానయ్య తమ్ముడు భిక్షం సంఘంలో తిరిగేవాడు. మిరపచేన్లో దొరికిపోయాడు. మూసీ ఒడ్డున డేరాలేసిన క్యాంపులో కట్టేశారు. భిక్షం భార్య గోపమ్మకు పెళ్లై ఏడాది కూడా కాలేదు. పొద్దున్నే జొన్నరొట్టె మూటగట్టుకొని క్యాంపు కంచె దగ్గర నిలబడేది. లోపలికి తీసుకున్న రోజు ఒకటైతే, తిప్పి పంపిన రోజులు నాలుగు.

ఆ క్యాంపు పెద్ద అప్సరుకు చేపల పిచ్చి. ఎర్రలు గుచ్చడు. గాలానికి కోడి ఈక కట్టి, కట్టెను కొరడా లెక్క వెనక్కి ముందుకి ఊపి నీళ్ల మీద వేస్తాడు. బట్టలుతికే ఆడోళ్లు చూసి నవ్వేవాళ్లు. "ఈకకు చేప వడితే, మా కోడికి మొసలి వడాలె" అని బక్కమ్మ అనేదట. కానీ పడ్డాయి. ఒకరోజు పెద్ద వాలుగ పడి, ఇంగ్లండు సీమ నుంచి తెచ్చుకున్న ఆ కట్టెను నడిమికి విరిచి పోయింది.

ఆ సాయంత్రమే జానయ్యకు పిలుపొచ్చింది. ఊళ్లో ఉర్దూ వచ్చిన రఘుపతి నడుమ ఉండి అప్సరు మాటలు తెలుగులో చెప్పాడు.

"ఇసొంటిది కావాల్నంట. ఊపితే మొదలు దాక వంగాలె, వంగినంక సక్కగ నిలవడాలె. నీకేం గావాలెనో అడుగుమంటుండు."

"నా తమ్మున్ని ఇడ్వమని చెప్పుండ్రి."

రఘుపతి ఆ మాట చెప్పడానికి జంకాడు, చివరికి చెప్పాడు. అప్సరు సిగరెట్టు పీల్చి, విరిగిన ముక్కను జానయ్య చేతికిచ్చాడు. కట్టె నచ్చితే తమ్ముడిని వెంట తీసుకుపొమ్మన్నాడు. తన కళ్ల ముందరే చెయ్యమన్నాడు.

జానయ్య ఇంట్లో పొయ్యి మీది అటుకలో ఎప్పుడూ పది పన్నెండు బొంగులుండేవి. అమావాస్య ముందు నరికినవి. వెన్నెల రోజుల్లో నరికితే పురుగు కొడుతుందని ఆ దిక్కుకు పోడు. రెండేళ్లు పొగ తాగితే గాని వాటి మీద కత్తి పెట్టడు. ఆ రోజు అన్నీ దించి వాకిట్లో పరిచాడు. గోటితో కొట్టి విన్నాడు. ఒక్కోదాన్ని వేలి మీద నిలిపి తూకం చూశాడు. మొదలు పట్టి ఒక్కసారి ఊపి, కొస ఎన్ని ఊపులకు ఆగుతుందో లెక్కపెట్టాడు. ఒకటి మొండిది, ఒకటి వంకరది, ఒకటి ఊపితే సోలిపోతుంది.

ఒక్కటి మాత్రం వేలి మీద ఉందో లేదో తెలియనంత తేలిక.

"గసొంటి తూకం పుట్టినంక సూడలే. పొగకు రసమంత ఇంకిపోయి గిట్ల తయారైందనుకున్న. భిక్షం నసీబు అటుకెక్కి కూసున్నదనుకున్న" అన్నాడు జానయ్య.

పొద్దున్నే క్యాంపులో నిప్పులు పరిచి కూర్చున్నాడు. అప్సరు నాలుగడుగుల దూరాన కుర్చీ వేసుకున్నాడు. భిక్షాన్ని డేరా ముందుకు తెచ్చి నిలబెట్టారు. కంచె బయట గోపమ్మ. జానయ్య బొంగుకు ఆముదం రాసి, తిప్పుతూ కాచి, మోకాలికి ఆనించి వంకర తీస్తున్నాడు. బొంగు కాగితే గణుపుల నడుమ గాలి ఉబ్బి టపటపమంటుంది. ఆ చప్పుడు ఆగకముందే తిప్పాలి, అది పనితనం.

ఇది టప్పుమనలేదు. ఒక్కసారి కూడా.

కొంచెంసేపటికి మొదలుకు కుక్కిన మైనం కరిగి, లోపల నుంచి సన్నగా పొగ లేచింది. బొంగు వాసన కాదు. నిప్పు ఊదుతున్నట్టు తల వంచి లోపలికి చూశాడు. గణుపులన్నీ తొలిచి ఉన్నాయి. లోపల చుట్టిన కాయిదం. అంచు గోధుమరంగుకు తిరిగింది, అంచు మీద సిరా గీతలు.

"నిప్పు ఊదుడు ఆపలే బిడ్డా. కూసున్నోన్ని కూసున్నట్టే ఉన్న. రజాకార్ల కాలంల మా భిక్షం వాకిట్ల కూసొని, ఎర్రగ కాల్చిన సలాకతోని బొంగు తొలుస్తుండె. ఏందిర అంటె, గోపమ్మకు పొయ్యి ఊదే గొట్టమన్నడు. గది గప్పుడు యాదికొచ్చింది. నా బొంగులల్లనే కలిపి దాచిండు."

తలెత్తి తమ్ముడి దిక్కు చూశాడు. భిక్షం బొంగును గుర్తుపట్టాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. కానీ ఆ చూపు కాల్చమందో, కాల్చొద్దందో జానయ్యకు తెలియలేదు.

మొదలు కోసి పిడి కట్టాలి, కోస్తే కాయిదం రాలుతుంది. కోయకుండా ఇస్తే ఏదో ఒకనాడు అప్సరు చేతిలోనే బయటపడుతుంది. అందులో ఊరోళ్ల పేర్లుంటే, ఇంకా దొరకనివాళ్లంతా దొరికినట్టే. జానయ్య బొంగు మొదలును నిప్పుల్లోకి తోశాడు.

"తిప్పు, తిప్పు. కాలుతున్నది సూడు" అన్నాడు రఘుపతి.

జానయ్య తిప్పలేదు. బొంగు పగిలింది. మంట లేచి రెండు జానల దాకా నల్లబడింది. కాయిదం బూడిద ఎగిరి రఘుపతి చెప్పు మీద పడింది.

"నలభై ఊర్లల్ల నీ పేరే చెప్తరు. గిదా నీ పనితనం? పొద్దుగాలనే తాగొచ్చినవా?" అని రఘుపతి తిట్టాడు.

అప్సరు కుర్చీలోంచి లేచాడు. టోపీ తీసుకొని డేరాలోకి పోయాడు. భిక్షాన్ని మరునాడు లారీలో ఎక్కించారు. ఏ జైలుకో కూడా చెప్పలేదు. రెండేళ్లకు కార్డు ముక్క వచ్చింది, జ్వరంతో పోయాడని.

"తమ్ముని రెండెకరాల కోసమే కట్టె కాల్చిండన్నరు ఊర్లె. గోపమ్మ ఆ కార్డు చేతుల వట్టుకొని ఒకటే మాటన్నది. 'నువ్వు బావవు గాదు, భూమికి పాలోనివి' అని. గదే ఆఖరి మాట. మల్ల నాతోని మాట్లాడలే."

"అసలు సంగతి చెప్పకపోయినవా తాతా?"

"మొదట్ల భయం. ఇంకా దొర్కనోళ్లుండిరి. తర్వాత ఏమని చెప్పాలె? కాయిదం ముక్క కోసం నీ మొగన్ని ఇడ్సిపెట్టిన అని చెప్పాల్నా? గందుల ఏమున్నదో నాకే తెల్వదాయె. పేర్లే ఉండెనో, పాట రాసుకున్నడో, పెండ్లాం మీద మనసు రాసుకున్నడో."

ముసలాయన లేచి, రెండు గొట్టాలనూ ఒక్కొక్కటిగా ఊపి చూశాడు.

"సన్నంది ఉంచుకో. లావుది వాపసిచ్చెయ్. నీ కొలువు ఊరూరు తిరిగి జనం చెప్పింది కాయిదాల మీద రాసుడే గద. గోపమ్మ గిప్పుడు పోచంపల్లిల, భిక్షాన్ని తీస్కపోయినంక పుట్టిన బిడ్డ యాదలక్ష్మి దగ్గర ఉంటది. భిక్షం ఏం జేసినా ఆమెకు చెప్పి జేసేటోడు. నాలుగ్గంటల బస్సుకు పో. గా బొంగుల ఏం పెట్టిండో అడుగు. నేను పంపిన్నని చెప్పినా సరే. పేర్లు గాకున్నా దాచకు బిడ్డా, ఆమె ఏం చెప్తె అది వచ్చి నాకు చెప్పు."