జంతుశాస్త్రం మేజర్, చరిత్ర మైనర్

టెక్కలిలో డిగ్రీలో చేరినప్పుడు జంతుశాస్త్రం మేజర్‌గా, చరిత్ర మైనర్‌గా తీసుకున్నాను. మా మావ పలాసలో జీడిపప్పు దుకాణంలో గుమస్తా. నా అడ్మిషన్ కాగితం చూసి, "పురుగుల సదువుకి రాజుల గొడవెందుకే? ఏదో ఒకటి సక్కగా సదువు" అన్నాడు. నాకు రెండూ ఇష్టం, అంతే.

మొదటి ఏడాది సెలవుల్లో ఏదో ఒక ఊళ్ళో సర్వే చేసి రిపోర్టు ఇవ్వాలన్నారు. కంచిలి దగ్గర మా పిన్ని వాళ్ళ ఊరు ఎంచుకున్నాను. అక్కడ కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. జంతుశాస్త్రం మేడమ్ సాయంతో ఫారం తయారుచేసుకున్నాను: ఇంట్లో ఏ నీళ్ళు తాగుతారు, ఏం పని చేస్తారు, జబ్బు ఎప్పుడు మొదలైంది.

ఒక ఇంట్లో డయాలసిస్‌కి సోంపేట వెళ్ళివచ్చే మామ్మ ఉంది.

"మళ్ళీ రగతం తీత్తావా?" అంది.

"కాదు మామ్మా, రెండు మాటలు అడుగుతాను."

"శానామంది వచ్చినారు, రాసుకోని ఎల్లిపోనారు. ఏటి తేలిందో సెప్పినోలు నేరు."

"నేనొచ్చి సెప్తాను."

జబ్బు మొదలైన సంవత్సరం ఆమెకు తెలియదు. "తుపానుకి కొబ్బరి సెట్లు పడిపోనాయి సూడు, దానికి ముందేడు కాళ్ళు వాసినాయి" అంది. సంవత్సరం లెక్కగట్టి గడిలో వేశాను. నీళ్ళ గడిలో 'వీధి బోరు' అని రాశాను.

రిపోర్టు పూర్తయ్యాక వెళ్ళి మామ్మకు చదివి వినిపించాను. నీళ్ళ దగ్గర ఆపింది.

"బోరు నీల్లు తాగి పెరిగినానని ఎవులు సెప్పినారు?"

"నువ్వే సెప్పినావు మామ్మా."

"ఇంటికాడ ఏ నీల్లని అడిగినావు, సెప్పినాను. నేనింటికాడ ఎప్పుడున్నాను? తెల్లారి లెగిత్తే జీడితోటే. వయసంతా ఆ తోట నుయ్యి నీల్లే తాగినాను."

ఫారం తీసి చూశాను, ఆమె అన్నది నిజమే. అన్ని ఇళ్ళలోనూ అలాగే అడిగాను మరి. మనిషిని తేదీలు అడగొద్దని, రోజు ఎలా గడిచేదో అడగమని చరిత్ర మాష్టారు క్లాసులో చెప్పారు. అది పరీక్షకు పనికొచ్చే మాట అనుకున్నాను గానీ, నీళ్ళ సర్వేకి పనికొస్తుందనుకోలేదు.

మళ్ళీ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి నిద్రలేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా చెప్పమన్నాను. పొలాల్లో, తోటల్లో, ఇటుక బట్టీల దగ్గర తాగిన నీళ్ళు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. నా పట్టికలేవీ నిలబడలేదు. మేడమ్ కొత్త రిపోర్టు చదివి, "దీంతో ఏదీ రుజువు కాదు. కానీ మొదటిది తప్పు" అన్నారు. ఆలస్యమైనందుకు మార్కులు తగ్గాయి.

మేడమ్ అన్న మాటే మామ్మకు చెప్పాను.

"అయితే జబ్బు దేనొల్ల వచ్చిందో తేల్నేదు."

"తేల్నేదు మామ్మా."

ఆమె ఆ తోటలో తనతోపాటు జీడిపిక్కలు ఏరినవాళ్ళ గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఎవరు బాగా పాడేవారో, ఎవరు దెబ్బలాడేవారో, ఎవరు ముందు పోయారో. రాసుకునే పుస్తకం తీయాలా వద్దా అనుకుంటూనే వింటూ కూర్చున్నాను.