నాలుగో అంతస్తులో అత్తగారి తలంటు

ఎనభైల మొదట్లో మా విశాఖపట్నంలో నాలుగంతస్తుల మేడ అంటే చిన్న విషయం కాదు. మేఘాలు మా డాబాకి తల తగలకుండా వంగి వెళ్లేవి. కింద నిలబడి మా వంటింటి కిటికీ చూడబోయిన పోస్టుమాన్‌కి మెడ పట్టేసి, కొన్నాళ్లపాటు ఆకాశం చూస్తూనే ఉత్తరాలు పంచాడని చెప్పుకునేవారు. ఎక్కువగా చెప్పింది నేనే.

ఆ మేడలో పై అంతస్తు మాది. కిటికీ తెరిస్తే ఓడరేవు, దాని వెనకాల బంగాళాఖాతం మొత్తం. కొళాయి తిప్పితే మాత్రం పాము బుసకొట్టినట్టు గాలి.

పంపునీళ్లు తెల్లారగట్ల కింద సంపులోకి వచ్చేవి. మోటారు వాటిని డాబా మీది తొట్టికి ఎక్కించేది. తొట్టి మా నెత్తి మీదే ఉండేది గానీ, అందులోంచి దిగే గొట్టం అందరికీ ఒక్కటే. కింద ఎవరు కొళాయి విప్పినా, నీళ్లు మమ్మల్ని పలకరించకుండానే దిగిపోయేవి. మాకు కావాలంటే గొట్టం మీద గరిటెతో కొట్టాలి. టంగుమని వినబడితే కింది వాళ్లు కాసేపు కొళాయిలు కట్టేసేవారు. ఇది మా మేడ మర్యాద.

అలా దొరికిన నీళ్లకి మా ఆవిడ ఒక్క జన్మతో మోక్షం ఇచ్చేది కాదు. కూరలు కడిగిన నీళ్లు గిన్నెలకి, గిన్నెల నీళ్లు గచ్చుకి, గచ్చు నీళ్లు పాయఖానాకి. అక్కడికి చేరేసరికి మా సంసారంలో ఆ నీళ్లకి తెలియని రహస్యం ఉండేది కాదు.

ఇంతలో మా ఆవిడకి నెలలు నిండుతూ వచ్చాయి. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి, పుట్టిల్లు భీమిలి. ఆవిడకేమో వెళ్లడం ఇష్టం లేదు. నమ్మకమున్న డాక్టరమ్మ ఇక్కడే ఉంది, అలవాటైన ఇల్లు ఇక్కడే ఉంది. నాకూ ఇష్టం లేదు. వంటలో నాకు వచ్చిన విద్య పొయ్యి ఆర్పడం ఒక్కటే. మా అత్తగారు ఒకే ఒక్క షరతు పెట్టి కబురు పంపారు. "నీల్లు మోసే కొంపలో కడుపుతో ఉన్న పిల్లనుంచను. నానే వొచ్చి నా కల్లతో సూత్తాను. కొలాయిలో నీల్లు రాకపోతే సాయంత్రం బస్సుకి ఒట్టుకుపోతాను."

రెండో అంతస్తులో కంచరపాలెం నుంచి వచ్చిన రైల్వే ఇంజను మెకానిక్కు ఉండేవాడు. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరం బావా అనుకునేవాళ్లం. ముందు అతని దగ్గరికి పరిగెత్తాను.

"ఏటి బావా, మీ అత్తొస్తే నానెందుకు తానం మానాల?"

"మధ్యాహ్నం దాకా కొళాయి విప్పకు, చాలు."

"డ్యూటీ నుంచి గ్రీజు పూసుకొచ్చి, నా పెల్లాం ముందు దెయ్యంలా కూకోమంతావ్."

"రోజూ ఎలా కూర్చుంటావేంటి?"

నవ్వి ఒప్పుకున్నాడు. కింది అంతస్తులో, పాత ఊళ్లో గాజుల కొట్టున్న సాయిబుగారి భార్య ఉండేది. ఆవిణ్ణి అందరం ఆపా అనేవాళ్లం. "బిడ్డ కోసం గదా బాబూ, కట్టీత్తాంలే," అంది. మిగతా వాళ్లకీ ఆవిడే చెప్పింది.

అత్తగారు వచ్చారు. చెప్పులైనా విప్పకుండా కొళాయి తిప్పారు. పడ్డ నీళ్ల చప్పుడుకి డాబా మీద పావురాలు లేచి సింహాచలం దాకా పోయి ఉంటాయి. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఇక కట్టేసి, కాఫీ తాగి, బస్సెక్కుతారని నా అంచనా.

నూతిలోంచి తోడి తోడి అరచేతులు కాయలు కాసిన మనిషికి, తిప్పగానే పడే నీళ్లు దొరికితే ఊరుకుంటుందా? ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ ఉతికారు. కిటికీ తెరలు ఉతికారు. నేను కట్టుకున్న లుంగీ వంక కూడా ఒకసారి అదోలా చూశారు. అన్నీ డాబా మీద ఆరేశారు. అప్పుడు ఓడరేవు వైపు నుంచి గాలి తిరిగింది. జపాను వెళ్లాల్సిన ఇనుపరాతి ధూళి కొంత దారి తప్పి మా దుప్పట్ల మీద దిగింది. తెల్ల దుప్పట్లు కుంకంలో దొర్లినట్టయ్యాయి.

"సరిగ్గా ఉతకనేదు," అనుకున్నారావిడ. అన్నీ తీసి మళ్లీ ఉతికారు.

కింద నుంచి గొట్టం మోగింది. టంగు టంగు.

"ఏటి బాబూ ఆ సప్పుడు?"

"రైల్వే వర్కుషాపు అత్తయ్యా."

"గోడలోనా?"

మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది.

ఉతికి ఉతికి చెమట పట్టిందని, అత్తగారు కుంకుడుకాయ రసం కలుపుకుని తలంటుకి వెళ్లారు. కాసేపటికి లోపలి నుంచి కేక. "ఒలే పాపా, నీల్లాగిపోనాయి. కల్లు మండిపోతన్నాయి."

ఉన్న నీళ్లన్నీ గచ్చుకీ పాయఖానాకీ దాచినవే. వాటితో అత్తగారి తల కడిగితే భీమిలి మొత్తం నా మీదికి దండెత్తుతుంది. బకెట్ పట్టుకుని మెట్ల మీద దూకుతూ వెళ్లాను. రెండో అంతస్తు గుమ్మంలో బావ నిలబడి ఉన్నాడు. తువ్వాలు కట్టుకుని, ఒళ్లంతా గ్రీజు, దాని మీద సబ్బు.

"మజ్జానం అయిపోనాది గదా అని సబ్బు రాసీసినాను. కొలాయి ఇప్పితే సుక్క లేదు. మీ అత్త తొట్టి తాగీసిందేటి?"

ఆపా మాత్రం కింద నుంచి, కానాగంత చేపలు కడగడానికి అట్టేపెట్టిన బకెట్టు తెచ్చి అతని చేతికిచ్చింది. "ముందు పైకి ఒట్టుకెల్లు. నా సేపలాగుతాయి, కల్లాగవు."

బావ అదే అవతారంలో నాలుగో అంతస్తుకి నీళ్లు మోశాడు. తల కడుక్కుని బయటికొచ్చిన అత్తగారికి ఎదురుగా నురగలో నిలబడ్డ బావ, మెట్ల దగ్గర ఖాళీ బిందెలతో ఆడవాళ్లు కనిపించారు.

"ఈల్లంతా ఎవులు?"

మా ఆవిడే చెప్పింది, దాచకుండా. "నీళ్లు మాకు రావాలని పొద్దుట్నుంచీ వీళ్లంతా కొళాయిలు కట్టేసుకున్నారమ్మా."

అత్తగారు ఖాళీ బిందెల్ని ఒక్కొక్కటే చూశారు. నేను మనసులో మా ఆవిడ పెట్టె సర్దేశాను. అత్తగారు వెళ్లి ఆపా పక్కన నిలబడ్డారు. "ఇంతమంది కొలాయిలు కట్టుకుని కూకున్నారా? మా వీదిలో నూతి కాడ సేదొదలమంటే ఒక్కరొదలరు."

"బిడ్డ కోసం," అంది ఆపా.

"పాప ఇక్కడే ఉంటాది," అన్నారు అత్తగారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. "నీల్లు మాత్రం అది మొయ్యదు. మొయ్యడానికి నానుంటాను, కానుపయ్యే దాకా. బాబూ, మీరు బస్సెక్కి నా పెట్టి తెచ్చీండి. మంచం కింద సింతకాయ పచ్చడి జాడీ కూడా. పరుపు మాత్రం తేకండి, మీ పరుపు బాగుంది."

ఆ సాయంత్రం భీమిలి బస్సులో నాకు కిటికీ పక్క సీటు దొరికింది. మా ఆవిడ ఇంట్లోనే ఉంది. నేనెక్కడ పడుకోవాలో మాత్రం బస్సు భీమిలి చేరినా తేలలేదు.